రెండుసార్లు లెక్కపెట్టాను

పుంతా అరేనాస్‌లో గాలి రేగిన రోజున
వీధి మలుపుల్లో తాళ్ళు కడతారు,
మనుషులు పట్టుకుని నడవడానికి.
ఆ తాడొక చేత్తో, బిడ్డ ఒక చేత్తో
ఆ ఏడాది ఏడుసార్లు వచ్చింది యస్నా మిహోవిలోవిచ్.

ఏడుసార్లూ రాత్రే. ఏడుసార్లూ జ్వరమే.
"ముప్పై తొమ్మిది, సిస్టర్!" అంటూ
థర్మామీటరు నా ముఖం ముందు పెట్టేది,
దొంగను పట్టిచ్చినట్టు.
రెండేళ్ళ ఎలియాస్ మాత్రం
నా మెడలోని పేరుబిళ్ళ పట్టుకు లాగుతూ నవ్వేవాడు.
ఆకుపచ్చ కాగితం చేతికిచ్చి కుర్చీ చూపించేదాన్ని.
ఆకుపచ్చంటే నాలుగు గంటలు.
ఆరింటికల్లా ఆమె పీతల ఫ్యాక్టరీలో ఉండాలి.

కోపం వచ్చేది, అబద్ధమెందుకు.
అటు మంచం మీద ఒకాయన నీలబడుతుంటే
ఇటు నేను జలుబుకు చీటీ రాస్తున్నాను.
ఆ కోపం ఎవరి మీదో తేలడానికి ఏడో రాత్రి దాకా పట్టింది.
"ఎప్పుడు రానక్కర్లేదో నాకెవరు చెప్పారు?" అంది యస్నా.
"రమ్మని మాత్రం గోడ నిండా రాశారు."

నిజమే.

సెలవు పెట్టి ఫ్యాక్టరీకి వెళ్ళాను.
తిండిగదిలో నలభై మంది ఆడవాళ్ళు,
మోకాళ్ళ దాకా రబ్బరు బూట్లు, వేళ్ళ నిండా ముళ్ళ గాట్లు.
ఇరవై నిమిషాల విరామం. రొట్టె నములుతూ విన్నారు.
అంకెను కాదు, బిడ్డను చూడండి అన్నాను.
తాగుతున్నాడా, ఉచ్చ పోస్తున్నాడా,
జ్వరం దిగిన కాసేపైనా ఆడుతున్నాడా,
అయితే పడుకోనివ్వండి, పొద్దున క్లినిక్కుకు తెండి.
సారా రుద్దకండి. చన్నీళ్ళు పొయ్యకండి.
మూడు నెలలు నిండని గుడ్డయితే
ఈ మాటలన్నీ మర్చిపోయి పరుగెత్తండి.
చొక్కా ఎత్తి ఊపిరి లెక్కపెట్టండి, నిండా ఒక నిమిషం.
ఒకామె పక్కనున్నామె చొక్కా ఎత్తబోయింది.
గదంతా నవ్వులు.

ఆ నెల కుర్చీలు సగం ఖాళీ.
పైవాళ్ళు గీతల పటం గీసుకుని నాకో కేకు పంపారు.
తిన్నాను. తీపి మరీ ఎక్కువ.

గుమ్మానికి ఆనుకుని విన్నాడట కాపలాదారు దోన్ ఎవారిస్తో.
నేనతన్ని చూడనేలేదు.
చీటికీ మాటికీ రావద్దంది కదా ఆ సిస్టరమ్మ అని
రొమ్ము మీద బరువునూ ఎడమచేతి లాగుడునూ
రెండు రోజులు పుదీనా కషాయంతో ఓర్చుకున్నాడు.
బతికాడు. మూడు మెట్లెక్కితే కూర్చుంటాడిప్పుడు.
ఇబ్బంది పెట్టానమ్మా అని నాకే క్షమాపణ చెప్పాడు.
ఆ మాట ఇంకా దిగలేదు, గొంతులో ముల్లై.

అప్పట్నుంచీ పాఠం తిరగేసి చెబుతున్నాను.
ముందు, రావలసినవి.
గుండె మీద బరువుకు మొహమాటపడకండి.
మూతి వంకరైతే, మాట తడబడితే తెల్లారనివ్వకండి.
పొరపాటున వచ్చినా తిట్టను.
నోరు తెరిచే ముందు
గుమ్మంలో ఎవరున్నారో ఒకసారి చూసుకుంటాను.

డిసెంబరు. ఇళ్ళ రేకులు లేచిపోతున్న రాత్రి
తలుపు భుజంతో తోసుకొచ్చింది యస్నా, ఎనిమిదోసారి.
చేతిలో థర్మామీటరు లేదు.
"యాభై ఎనిమిది, సిస్టర్.
పక్కటెముకల మధ్య చర్మం లోపలికి పోతోంది.
రెండుసార్లు లెక్కపెట్టాను."
ఎలియాస్ నా పేరుబిళ్ళ వైపు చెయ్యి చాపలేదు.

కాగితం ఇవ్వలేదు, కుర్చీ చూపలేదు.
వాణ్ణి అందుకుని లోపలికి పరుగెత్తాను.
మంచం ఖాళీగా ఉంది.

ఆక్సిజన్ పెట్టి తిరిగి చూస్తే
యస్నా ఇంకా గుమ్మంలోనే,
ఒక అరచేయి తాడు ఒరిసి ఎర్రగా.
పెదవులు కదులుతున్నాయి,
ముప్పై ఒకటి, ముప్పై రెండు.